శీతాకాలపు పెళ్ళిపూలు: శబరి ఒడ్డు నుంచి గోదావరి దాకా

కార్తీకం మొదలుకొని మాఘం ముగిసేదాకా జరిగే పెళ్ళిళ్ళలో వధూవరులకు, పందిరికి, మండపానికి, పెళ్ళింటి గడపకు చేసే పూల అలంకరణ ఈ వ్యాస విషయం. తెలుగు ప్రాంతాల్లో దీని స్వరూపాన్ని అలంకరించేవాళ్ళ ఊహకన్నా ముందే రెండు విషయాలు తేల్చేస్తాయి. ఒకటి పంచాంగం, రెండోది పగటి పొడవు. ఏ నెలలో పెళ్ళి చెయ్యవచ్చో పంచాంగం చెబుతుంది. ఆ నెలలో చేతికి ఏ పువ్వు అందుతుందో పగటి పొడవు చెబుతుంది. ఎండాకాలం పెళ్ళికి మల్లె ఎంత సహజమో చలికాలం పెళ్ళికి చామంతి అంత సహజం కావడం ఈ రెండూ కలిసిన ఫలితమే. ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, తెలుగు నేలను ఆనుకుని ఉన్న భేజ్జి వంటి అటవీ గ్రామాల్లో మాత్రం లెక్క మారుతుంది. అక్కడి పెళ్ళికి తప్పనిసరైన పువ్వు చలికాలంలో పూయదు. అయినా చలికాలపు పెళ్ళిలో అది లేకుండా జరగదు.

ముహూర్తాల మాసాలు

తెలుగువారికి పెళ్ళిళ్ళ చలికాలం ఒక్క ముక్కగా దొరకదు. దీపావళి వెళ్ళాక కార్తీక, మార్గశిర మాసాల్లో లగ్నాలు ఉంటాయి. డిసెంబరు నడుమ సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించగానే ధనుర్మాసం పట్టి, సంక్రాంతి దాకా మేళాలు ఆగిపోతాయి. పుష్యమాసాన్ని శూన్యమాసంగా ఎంచి అందులో పెళ్ళి తలపెట్టరు. మాఘం రాగానే, అంటే జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో, ఆగినవన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో అడ్డుపడిన ఏడు ఈ రెండు ముక్కల్లో ఒకటి దాదాపు పూర్తిగా ఎగిరిపోతుంది. ఆ ఏడు మిగిలిన కొద్ది ముహూర్తాలకే ఊరందరూ ఎగబడతారు. పూల ధర తెల్లారేసరికి రెట్టింపయ్యేది అప్పుడే.

కాబట్టి చామంతి రైతు కూడా పంచాంగం చూసే నారు పెడతాడు. కార్తీకానికి ఒక కోత, మాఘానికి ఒక కోత అందాలని అతని లెక్క. నడుమ వచ్చే ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు లేకపోయినా అతను పూర్తిగా నష్టపోడు. తెల్లవారుజామున తిరుప్పావై వినిపించే వైష్ణవాలయాలు, నవంబరు నడుమ నుంచి సాగే అయ్యప్ప పూజలు, ముక్కోటి ఏకాదశి ఆ పూలను తీసుకుంటాయి. భద్రాచలంలో ముక్కోటి ముందురోజు సాయంత్రం గోదావరిలో హంసవాహనం మీద జరిగే తెప్పోత్సవం ఈ ప్రాంతపు శీతాకాల పుష్పాలంకరణల్లో అందరి కళ్ళూ పడేది. అది పెళ్ళి కాదు గాని, దాని రంగుల పొందిక చుట్టుపక్కల పెళ్ళి వాహనాల మీద, వేదికల మీద కనిపిస్తూనే ఉంటుంది.

అమెరికా తెలుగు కుటుంబాలకు ఈ అమరిక పెద్ద చిక్కు. అందరికీ సెలవులు దొరికేది క్రిస్మస్‌కు, ముహూర్తాలు ఉండనిది సరిగ్గా అప్పుడే. అందుకే ప్రవాసుల పెళ్ళిళ్ళు డిసెంబరు మొదటి పక్షంలో ఇరుక్కుంటాయి. అక్కడే చేసుకునేవాళ్ళకు పూల చిక్కు ఇంకొకటి. అమెరికాలో అమ్ముడయ్యే కోతపూలలో ఎక్కువ భాగం కొలంబియా, ఈక్వడార్‌ల నుంచి మయామి మీదుగా విమానాల్లో వస్తుంది. గులాబి, కార్నేషన్, చామంతి జాతులు ఎన్ని కావాలన్నా దొరుకుతాయి. మూర మల్లె దొరకడమే కష్టం.

పంచాంగం అందరినీ ఒకే దారిన నడపలేదనడానికి సీతాకల్యాణమే సాక్ష్యం. మిథిలలో దాన్ని మార్గశిర శుద్ధ పంచమినాడు, వివాహ పంచమి పేరుతో, చలిలో జరుపుతారు. భద్రాచలంలో అదే పెళ్ళి చైత్ర శుద్ధ నవమినాడు, మండే ఎండలో. వధువు ఒక్కతే, వరుడు ఒక్కడే. మారేది దండలోని పువ్వు.

చలిలో పూసేవి, చలికి ముడుచుకునేవి

భేజ్జి ఉన్న అక్షాంశం ఉత్తరానికి సుమారు 18 డిగ్రీలు. ఆ రేఖ మీద డిసెంబరు 21, 22 తేదీల్లో పగలు 11 గంటలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. జూన్‌లో అది 13 గంటలు దాటుతుంది. రెండు గంటల ఈ తేడాను మనుషులు పెద్దగా పట్టించుకోరు, చామంతి పట్టించుకుంటుంది. రాత్రి పొడవు ఒక హద్దు దాటితేనే అది మొగ్గ తొడుగుతుంది. మొక్కలు పగటి పొడవును బట్టి పూతకు వస్తాయన్న సంగతిని అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అలార్డ్ 1920లో పొగాకు, సోయా మొక్కల మీద చేసిన ప్రయోగాలతో లోకానికి చెప్పారు. జూన్, జూలైలలో నాటిన నారు కార్తీకానికి పూస్తుందని మన రైతులు అనుభవంతో ఎరిగినదానికి శాస్త్రం అందులో ఉంది. మాఘం పెళ్ళిళ్ళ కోసం పూతను వెనక్కి జరపాలంటే తోటలో రాత్రిపూట దీపాలు వెలిగించి మొక్కను మభ్యపెడతారు. ఇంకా పగలే ఉందనుకుని అది మొగ్గ వెయ్యడం వాయిదా వేస్తుంది.

చామంతి చైనా మూలపు మొక్క. దాని పక్కన దండలో కూర్చునే బంతి మరింత దూరపు చుట్టం. మెక్సికోలో పుట్టి, పోర్చుగీసు ఓడల కాలంలో మన దేశానికి చేరింది. తెలుగు గడపకు బంతిపూల తోరణం అనాదిగా ఉందని నమ్మేవాళ్ళకు ఇది రుచించని సంగతే, కాని ఆ తోరణం వయసు కొన్ని వందల ఏళ్ళే. మెక్సికోలో నవంబరు మొదటి రెండు రోజుల్లో పితృదేవతలను ఇంటికి పిలవడానికి సమాధుల మీద పరిచేది ఈ పువ్వునే. అదే వారాల్లో మన వైపు అది పెళ్ళిపందిరి ఎక్కుతుంది. లిల్లీ అని బజారులో పిలిచే నేలసంపెంగ కూడా మెక్సికో నుంచి వచ్చిందే. చలి పెరిగేకొద్దీ దాని పూత మందగిస్తుంది, కాబట్టి మాఘంలో లిల్లీ దండ వేయించుకోవడం కాస్త ఖర్చుతో కూడిన పని.

మల్లె సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం. పెళ్ళి చలికాలంలో పడ్డప్పుడు గాని దాని లోటు తెలియదు. మల్లె తోటలను నవంబరు, డిసెంబరుల్లో కొమ్మ కత్తిరించి నిద్రపుచ్చుతారు. మళ్ళీ విరివిగా పూసేది మార్చి నుంచి జూన్ దాకా. జాజి కూడా అంతే, చలి ముదిరితే తగ్గిపోతుంది. ఆ రోజుల్లో తమిళనాడు నుంచి వచ్చే కొద్దిపాటి మల్లెకు కిలో వేల రూపాయలు పలుకుతుంది. ఆ ఖాళీని నింపేది కాగడా. తెల్లగా, పొడుగు రేకులతో, కట్టుకు చక్కగా ఒదిగే పువ్వు. వాసన మాత్రం లేనట్టే. అందుకే అనుభవం ఉన్న పూలమ్మి కాగడా మాలలో నాలుగు మూరలకొక గుప్పెడు మరువం చొప్పున దూర్చి ఇస్తుంది. కంటికి కాగడా, ముక్కుకు మరువం. మాఘానికి ధవనం కూడా కోతకొస్తుంది కనుక ఆ నెల దండలకు వాసన కొరత ఉండదు. చలికాలపు తెలుగు దండలో ఆకుకు ఇంత పెద్ద పాత్ర ఉండటానికి అసలు కారణం పువ్వుల్లో పరిమళం తగ్గడమేనని నా అభిప్రాయం.

కనకాంబరం దక్షిణ భారతానికీ శ్రీలంకకూ స్వంతమైనది. వాసన లేదు, బరువు లేదు, త్వరగా వాడదు. వధువు తలలో గంటల తరబడి నిలవాల్సిన పువ్వుకు ఇంతకన్నా గుణాలు అక్కర్లేదు. గట్టి చలికి మాత్రం ఓర్చుకోలేదు. పెరటి కంచెల మీద ఊదా, తెలుపు రంగుల్లో పూసే డిసెంబరాలు పేరుకు తగ్గట్టే ఈ కాలానివే. బజారు వాటిని ఎన్నడూ పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే రేకు మరీ పలచన, పొద్దెక్కితే వాలిపోతుంది. పెరటి పెళ్ళిళ్ళు జరిగినన్నాళ్ళు పెళ్ళికూతురి జడలో వాటికి చోటుండేది. పెళ్ళి ఫంక్షన్ హాలుకు మారాక ఆ పువ్వు పెళ్ళిళ్ళ నుంచి తప్పుకుంది.

మన్యం వైపు వెళితే చలికాలపు తొలి రంగు వలిసెలది. అరకు లోయలో పొలాలను పసుపుపచ్చగా మార్చే ఈ నూనెగింజ పైరును బస్తర్‌లోనూ విరివిగా వేస్తారు. పొలంలో ఉన్నంతసేపే దాని అందం. కోసి దండ గుచ్చితే నిలవదు. అయినా ఈ మధ్య అరకు వైపు పెళ్ళికి ముందు ఫోటోలు దిగే జంటలకు ఆ పొలమే కట్టని మండపం అయింది.

భేజ్జి చుట్టూ

భేజ్జి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కుంట తాలూకాలో ఉంది. సుక్మా 2012 జనవరిలో దంతెవాడ నుంచి విడిపోయి వేరు జిల్లా అయింది. అంతకుముందు ఇదంతా పాత బస్తర్. విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, చింతూరు మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి శబరి ఒడ్డున కుంటను దాటాక ఇంజరం వస్తుంది. అక్కడ రహదారి వదిలి అడవిలోకి మళ్ళితే భేజ్జి. 2017 మార్చి 11న రోడ్డు పనికి కాపలాగా వెళ్ళిన 12 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు ఇక్కడ మావోయిస్టుల దాడిలో చనిపోవడంతో ఈ ఊరి పేరు దేశానికి తెలిసింది. తెలుగు పత్రికల్లో కూడా భేజ్జి పేరు ఆ వార్తల వల్ల తప్ప మరోలా వచ్చింది తక్కువ.

ఈ ప్రాంతపు ప్రధాన జనం దోర్లలు, మురియాలు. దోర్లల మాట కోయభాషకు దగ్గర చుట్టం, అందులో తెలుగు దండిగా కలిసి ఉంటుంది. కుంట సంతలో తెలుగు అందరికీ వచ్చు. 2005 తరవాతి హింసలో ఇక్కడి నుంచి ఎన్నో కుటుంబాలు గోదావరి ఇవతలి అడవుల్లోకి వలస వచ్చాయి. వారినే తెలుగు వైపు గుత్తికోయలు అంటున్నారు. సంబంధాలు, చుట్టరికాలు సరిహద్దుకు రెండు వైపులా ఉండటంతో పెళ్ళి ఆచారాలూ రెండు వైపులా ప్రయాణిస్తాయి.

ఇక్కడ పెళ్ళిళ్ళ కాలాన్ని నిర్ణయించేది ప్రధానంగా వరి. పంట ఇంటికొచ్చి, గాదె నిండాక, చేతిలో పని తీరాక పెళ్ళిళ్ళు మొదలై, ఎండాకాలం దాకా సాగుతాయి. అడవిలో అప్పటికి పెద్దగా పూలుండవు. బూరుగ ఆకు రాల్చి ఎర్రటి దొప్పల్లాంటి పూలతో జనవరి నుంచే కనబడుతుంది. కొండగోగు పసుపుపచ్చగా ఫిబ్రవరిలో విచ్చుకుంటుంది. మోదుగ రగిలేసరికి చలి వెళ్ళిపోతుంది. వీటిలో ఏదీ దండకు లొంగే పువ్వు కాదు. బూరుగది బరువు, కొండగోగు రేకు పెళుసు. కొమ్మ మీద చూడాల్సినవి తప్ప మెడలో వేసుకోవాల్సినవి కావు.

అందుకే ఈ అడవి పెళ్ళి అలంకరణ పువ్వుకన్నా ఆకు మీద, కొమ్మ మీద ఎక్కువ ఆధారపడింది. పందిరి గుంజల్లో ఇప్ప కొమ్మ ఉండాలన్నది గోండు జాతుల్లో చాలా చోట్ల పట్టింపు. పందిరి మీద పచ్చి ఆకు కప్పుతారు. వధూవరుల తలకు కట్టే మౌర్ అనే కిరీటాన్ని బస్తర్ అంతటా ఈతాకుతో అల్లుతారు. లేత ఈతాకు చీలికలను మడిచి, ముడిచి, చిలకలు, పూలు, గొలుసులు దిగేలా అల్లిన ఈ పని చూస్తే పువ్వు లేనిచోట ఆకునే పువ్వుగా మార్చారని అర్థమవుతుంది. మన బాసికం స్థానంలో ఉండేది ఇదే. బాసికం ఇప్పుడు దుకాణంలో కొనే అట్టముక్క, ముత్యాల వరస అయిపోయింది. మౌర్‌ను మాత్రం ఇంకా చేత్తో అల్లేవాళ్ళున్నారు. రెంటిలో దేనికి నా ఓటో చెప్పనక్కరలేదు.

దండామి మరియాల పెళ్ళి నాట్యంలో మగవాళ్ళు పెట్టుకునే అడవిదున్న కొమ్ముల తలపాగా, దానికి వేలాడే గవ్వల తెర, ఈకలు ఇంకో లోకం. డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో మరియా గోండుల మీద, వెరియర్ ఎల్విన్ 1947లో మురియా పడుచువాళ్ళ ఉమ్మడి ఇల్లయిన ఘోటుల్ మీద రాసిన పుస్తకాల వల్ల ఈ అలంకారాలు బయటి ప్రపంచానికి వివరంగా తెలిశాయి. ఘోటుల్లో పడుచువాడు మనసైన పిల్లకు తానే చెక్కిన కొయ్య దువ్వెన ఇచ్చేవాడు. పూలగుత్తి ఇచ్చే ఆచారం ఉన్నచోట పుట్టినవాళ్ళకు ఇది వింతగా అనిపించవచ్చు. చెక్కడానికి రోజులు పట్టే దువ్వెన ముందు కోసి ఇచ్చే గుత్తి ఏపాటి ప్రేమో వాళ్ళే ఆలోచించుకోవాలి.

ఇక తప్పనిసరైన పువ్వు. అది ఇప్ప. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా రాలి, తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకునే ఈ మీగడరంగు, కండగల పూలను ఇంటిల్లిపాదీ బుట్టలతో ఏరతారు. ఎండబెడితే కిస్‌మిస్ రంగుకు తిరుగుతాయి. చక్కెర ఎక్కువ కావడంతో ఏడాది పొడుగునా నిలవ ఉంటాయి, అవసరానికి అమ్ముడవుతాయి, నానబెట్టి పులియబెడితే సారా అవుతుంది. ఆ సారా చుక్క నేల మీద దేవతలకూ పెద్దలకూ వదలనిదే సంబంధం మాట మొదలు కాదు, మాట కుదిరినట్టూ కాదు. ఇంటి అవసరానికి కొద్దిగా కాచుకునే వెసులుబాటు గిరిజనులకు ఉంది. మాఘంలో జరిగే పెళ్ళికి వాడేది కిందటి చైత్రంలో రాలిన పువ్వు. పట్నాల్లో ఎండుపూల అలంకరణ అనే మాట ఇప్పుడు కొత్త మోజుగా వినబడుతోంది. నిలవ ఉంచిన పువ్వుతో చలికాలపు పెళ్ళి చెయ్యడం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది, కాకపోతే చూడటానికి కాదు, తాగడానికి. జీలుగు చెట్టు సంగతీ అంతే. దాని పూగెలను కోసి దించే కల్లు బస్తర్‌లో సల్ఫీ పేరుతో ప్రసిద్ధం. అలంకరణ అనే మాటను కంటికి మాత్రమే పరిమితం చేస్తే ఈ రెండూ ఇలాంటి వ్యాసంలోకి రాకుండా పోతాయి.

ఇప్ప మీద హక్కు కూడా ఒక సంగతి. 1996 నాటి పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై గ్రామసభలకు యాజమాన్యం ఉండాలంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఏరుకునే, అమ్ముకునే హక్కును గుర్తించింది. పెళ్ళిపూలకు చట్టాల అండ కావాల్సి వచ్చిన సందర్భాలు ఎక్కువ లేవు.

ధనుర్మాసం చివరి పెళ్ళి

మనుషుల పెళ్ళిళ్ళు ఆగిపోయిన నెల చివర ఒక పెళ్ళి ఘనంగా జరుగుతుంది. భోగినాడు వైష్ణవాలయాల్లో జరిగే గోదాకల్యాణం. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు స్వామికి కట్టిన దండను ఆయన కూతురు గోద (ఆండాళ్) ముందుగా తాను ముడుచుకుని, అద్దంలో చూసుకుని, తరవాత బుట్టలో పెట్టేది. ఆ విడిచిన దండే కావాలని స్వామి కోరాడు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ఈ కథను ‘ఆముక్తమాల్యద’గా తెలుగులో రాశాడు. శీతాకాలపు శృంగార వివాహం అంటే తెలుగువాడు పరాయి ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. కథంతా ఒక దండ చుట్టూ తిరిగేదే.

ఆ దండ ఇప్పటికీ ప్రయాణం చేస్తుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆండాళ్ మాల వస్తుంది. శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ చేతిలో ఉండే చిలకను రోజూ కొత్తగా ఆకులతో చేసి, ముక్కుకు దానిమ్మ పువ్వు పెడతారు. ఈతాకు చిలకలు అల్లే బస్తర్ చేతులకు, ఈ ఆకు చిలకను చేసే చేతులకు పరిచయం లేదు. అయినా ఇద్దరికీ పెళ్ళి అలంకారంలో చిలక కావాల్సి వచ్చింది.

తిరుమలలో కార్తీకమాసం శ్రవణా నక్షత్రాన జరిగే పుష్పయాగాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం 1980లో పునరుద్ధరించింది. టన్నుల కొద్దీ పూలు వాడే ఈ సేవ జరిగే రోజుల్లో దక్షిణాది తోటల్లో ఏది విరివిగా ఉందో తెలుసుకోవాలంటే ఆ పూల జాబితా చూస్తే చాలు.

పనితనం

దండకు మన కొలత మూర. మోచేతి నుంచి వేలికొస దాకా. అమ్మేవాళ్ళ చెయ్యి పొట్టిదైతే కొనేవాళ్ళ గొడవ. కట్టుడు మాలకు తడిపిన అరటినార మంచిది. దారం పువ్వు మెడను కోస్తుంది, నార కొయ్యదు. తేలికైన కాగడా, కనకాంబరాలను కడతారు. బరువైన బంతి, చామంతులను సూదితో గుచ్చుతారు. వరుసగా రెండు రంగులు మార్చి, నడుమ ఆకు వేస్తే కదంబం. గులాబి రేకులను మడిచి దారానికి గుచ్చి పేర్చే రేకుల దండ ఓపికకు పరీక్ష. చలికాలంలో అది ఎండాకాలంకన్నా చాలాసేపు నిలుస్తుంది.

పూలజడ విషయంలో చలికాలం కాస్త దెబ్బ తీస్తుంది. జడ అంటే మల్లెమొగ్గలతో కుట్టేదే అన్న అలవాటు మనది. మొగిలిరేకు వర్షాకాలానిది, మల్లె వేసవిది. రెండూ లేని మాఘంలో జడ కుట్టేవాళ్ళు లిల్లీ మొగ్గలను అడ్డవరసల్లో పరిచి, అంచుకు కనకాంబరం, నడుమ చిట్టి చామంతి పెట్టి పని నడుపుతారు. లిల్లీ మొగ్గ లావు కనుక జడ బరువెక్కుతుంది. కాగడా మొగ్గ సన్నం, మెడ వెనక హాయిగా ఉంటుంది, కాని వాసన అడగకూడదు. పెళ్ళికూతురు గంటల తరబడి పీటల మీద కూర్చోవాలన్నది గుర్తున్నవాళ్ళు తేలికదానికే మొగ్గుతారు.

చలి పూలకు మేలే గాని మంచు కీడు. తెల్లవారుజామున కోసిన చామంతి మీద మంచు తడి ఉండగానే గంపకెత్తితే దారిలో కుళ్ళుతుంది. తడి ఆరాక కోసి, వెదురు గంపలో వదులుగా పోసి, పైన తడిబట్ట కప్పితే రెండు రోజుల ప్రయాణానికి ఆగుతుంది. కాడలతో వచ్చే గులాబి, లిల్లీ మొగ్గలు చలిలో విచ్చుకోవడానికి మొరాయిస్తాయి. ముహూర్తానికి ముందు కొన్ని గంటలు గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే దారికొస్తాయి. ఆరుబయట రాత్రి ముహూర్తమైతే పందిరి పైభాగం పూలు మంచుకు తడిసి బరువెక్కి జారతాయని పాతకాపులకు తెలుసు. అందుకే పైన ఆకు, కింద పువ్వు కడతారు.

రాత్రి లగ్నాల్లో రంగుల లెక్క వేరు. పసుపు దీపాల వెలుగులో బంతి, పసుపు చామంతి, కనకాంబరం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మండపం అంతా ఒకే ముద్దగా కనబడుతుంది. నడుమ తెల్ల చామంతి, పచ్చటి మామిడాకు పడితే గాని గీత తేలదు. ముదురు ఎరుపు గులాబి రాత్రి ఫోటోల్లో నల్లగా వస్తుంది. ఈ విషయం చెప్పకుండా ఎర్రగులాబి మండపాన్ని అంటగట్టే డెకరేషన్ వాళ్ళు ఉన్నారు, వధువు చీరె కూడా ఎరుపైతే ఇక చెప్పేదేముంది.

ఈ కాలానికి మాత్రమే దొరికే అలంకారం ఒకటి పువ్వే కాదు. వరికంకుల కుచ్చులు. కోతల వేళ కంకులను గొలుసుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు, గుడి మండపానికి వేలాడదీయడం గోదావరి జిల్లాల్లోనూ ఉంది, బస్తర్‌లోనూ ఉంది. పెళ్ళి మండపం నాలుగు మూలలా వీటిని కట్టినచోట పువ్వు సగం తగ్గించినా లోటు కనబడదు. బతుకమ్మ నాటి గునుగును ఎండబెట్టి దాచినా చలికాలమంతా పనికొస్తుంది. గునుగు ఎండినా రూపు చెడదు, రంగు అద్దితే పట్టుకుంటుంది.

మండపం పునాదికి వాడే సామగ్రి మీద ఒక మాట. కాడలు గుచ్చడానికి పాతకాలంలో అరటి బోదె ఉండేది. తడి దాచుకుంటుంది, గుచ్చితే పట్టుకుంటుంది, మర్నాడు పశువులు తినేస్తాయి. ఆ పనికి అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ 1954లో ఆకుపచ్చ నురుగు ఇటుకను కనిపెట్టాడు. అది నేలలో కలవదు, చిన్న ప్లాస్టిక్ రేణువులుగా విడిపోతుంది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. మన హాళ్ళలో ఇప్పుడు ఆ ఇటుకే ఎక్కువ, బోదె తక్కువ.

పెళ్ళి తంతులో పూలు ఎక్కువగా కదిలేది దండలు మార్చుకున్నప్పుడు, తలంబ్రాలప్పుడు, ఆపైన పూలచెండ్లాటలో. నూలు ఉండ చుట్టూ పూలు చుట్టి కట్టిన చెండును వధూవరులు ఒకరి మీదికి ఒకరు విసురుకునే ఆ ఆటకు చామంతి చెండు సరైనది. రేకు గట్టిగా పట్టుకుని ఉంటుంది, బంతిలా విసిరినా విడిపోదు. తలంబ్రాల బియ్యంలో పూరేకులు కలిపేచోట కొన్నేళ్ళుగా రంగురంగుల థర్మోకోల్ పూసలు చేరాయి. అలంకరణకు థర్మోకోల్ వాడకాన్ని దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. అయినా అక్షింతల్లో అవి ఇంకా రాలుతూనే ఉన్నాయి.

ఇతర దేశాల చలిలో

ఐరోపాలో చలికాలం పెళ్ళికి పువ్వు దొరకడం మనకన్నా పదింతలు కష్టం. విక్టోరియా రాణి 1840 ఫిబ్రవరి 10న పెళ్ళాడినప్పుడు తలకు నారింజపూల కిరీటం పెట్టుకుంది. బయట పూయని కాలంలో అద్దాల ఇళ్ళలో పెంచిన చెట్లే ఆ సమాజానికి ఆధారం. ఆ పెళ్ళి తరవాత నారింజపువ్వు ఇంగ్లీషు వధువుకు తప్పనిసరి గుర్తయింది. అసలు పూలు కొనలేనివాళ్ళు మైనంతో చేసినవి పెట్టుకున్నారు. ఆమె పెద్ద కూతురు 1858 జనవరిలో పెళ్ళి చేసుకున్నప్పుడు చేతిగుత్తిలో పట్టుకున్న మర్టిల్ రెమ్మ రాచకుటుంబానికి ఆచారమైంది. 1947 నవంబరు 20న జరిగిన రెండో ఎలిజబెత్ పెళ్ళిలోనూ తెల్ల ఆర్కిడ్లతోపాటు ఆ రెమ్మ ఉంది. ఏడాదంతా పచ్చగా ఉండే ఆకు చలికాలపు పెళ్ళికి దిక్కవడం అక్కడా ఇక్కడా ఒకటే. వాళ్ళకు మర్టిల్, మనకు మామిడి, మరువం, బస్తర్‌కు ఈత.

బజారు, పెళ్ళి తరవాత

హైదరాబాదుకు పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ మీదుగా వస్తాయి. చేవెళ్ళ, మొయినాబాద్, శంకరపల్లి వైపు పాలీహౌసుల్లో జెర్బెరా, గులాబి, కార్నేషన్ పండుతాయి. హోసూరు, బెంగళూరు గులాబి రాత్రికి రాత్రి వచ్చి చేరుతుంది, ఊదారంగు ఆర్కిడ్లు థాయ్‌లాండ్ నుంచి దిగుతాయి. గోదావరి వైపు కడియం, కడియపులంక నర్సరీలకూ పూలబజారుకూ పేరు. మన్యం ఊళ్ళ పెళ్ళిళ్ళకు రహదారి పక్క పట్టణాల్లో దొరికే బంతి, చామంతి మూటే అసలు ఆధారం. రోడ్డు పడ్డ ఊరికి చామంతి చేరుతుంది, దాంతోపాటు ప్లాస్టిక్ పూలదండా చేరుతుంది. రెండోది చవక, మళ్ళీ మళ్ళీ వాడవచ్చు. ఈతాకు మౌర్‌కు అసలు పోటీ దీని నుంచే.

పెళ్ళయ్యాక పూలు ఎక్కడికి పోతాయన్నది చాలాకాలం ఎవరికీ పట్టలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తులు తయారు చెయ్యడం మొదలుపెట్టింది, డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంతో కలిసి ఎండుపూలతో దేవుడి పటాలు కూడా చేయించింది. ఫంక్షన్ హాళ్ళలో అలాంటి ఏర్పాటు తక్కువ. బంతి రేకులతో బట్టకు రంగు అద్దవచ్చు, చామంతి, గులాబి రేకులు ఎరువు కుప్పకు మంచివి. నురుగు ఇటుకలోంచి, తీగచుట్టల్లోంచి పువ్వును విడదీసేవాళ్ళు లేక మొత్తం ఒకే బండిలో చెత్తదిబ్బకు పోతోంది. నారతో కట్టి, బోదెకు గుచ్చినదైతే ఈ విడదీసే పనే ఉండదు.